రవాణా సలహా కమిటీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

నగర రవాణా ప్రణాళికకు సలహాలిచ్చే పౌర కమిటీల్లో ఉన్నవాళ్ళ నుంచి, కొత్తగా చేరినవాళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాలివి. ఒకే విషయం మీద వచ్చినవాటిని కలిపి ఒక ప్రశ్నగా కుదించాం. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో తేలిపోయింది. కొన్నిటికి లెక్క కట్టి చూపించక తప్పలేదు.

ప్రశ్న: మాది సలహా కమిటీ మాత్రమే. నెలకోసారి కూర్చుంటాం, తీర్మానాలు చేస్తాం. ఇంజనీర్లు శ్రద్ధగా వింటారు, తల ఊపుతారు, వెళ్ళిపోతారు. రోడ్డు మాత్రం వాళ్ళ డ్రాయింగ్ ప్రకారమే వస్తుంది. అధికారం లేని కమిటీ వల్ల ప్రయోజనం ఏమిటి?

జవాబు: అధికారం లేకపోవడం మీ అసలు ఇబ్బంది కాకపోవచ్చు. ఆ డ్రాయింగ్ మీ ముందుకు ఏ దశలో వస్తోందో ముందు చూడండి. రోడ్డు పని ఆలోచన, ప్రాథమిక డిజైన్, వివరమైన డిజైన్, టెండర్, నిర్మాణం అనే వరసలో నడుస్తుంది. ఇంజనీర్లు డిజైన్ ముదిరేకొద్దీ 30 శాతం, 60 శాతం, 90 శాతం డ్రాయింగులని లెక్క చెబుతారు. 30 శాతం దగ్గర వాహనాలకు ఎన్ని వరసలు (లేన్లు), ఫుట్‌పాత్ ఎంత వెడల్పు, బస్సు ఎక్కడ ఆగాలి, చెట్లు ఉంటాయా పోతాయా అన్నవన్నీ ఇంకా తెరిచే ఉంటాయి. 60 శాతానికి వచ్చేసరికి మురుగు పైపులు, కరెంటు కేబుళ్ళు, వాన నీటి కాలువల చోట్లు ఖరారవుతాయి. అప్పుడు ఫుట్‌పాత్‌ను అర మీటరు జరపాలంటే కింద ఉన్నవన్నీ జరపాలి. 90 శాతం దగ్గర మీరు మార్చగలిగేవి గీతలు, బోర్డులు, మొక్కలు. టెండర్ అయ్యాక అడిగే ప్రతి మార్పూ అదనపు పని కింద పడుతుంది. ఇంజనీరుకు మీ మాట నచ్చినా ఆ ఫైలు కదలదు.

చాలా కమిటీలకు డ్రాయింగ్ చేరేది 90 శాతం దగ్గరే. అందుకని ఆర్థిక సంవత్సరం మొదలవగానే రెండు జాబితాలు అడిగి తీసుకోండి. ఒకటి ఆ ఏడాది డిజైన్‌కు వెళ్ళే పనులది. రెండోది కొత్త తారు పడబోయే రోడ్లది. ఈ రెండో జాబితాను ఎవరూ పట్టించుకోరు గానీ కమిటీకి అంతకన్నా పనికొచ్చే కాగితం లేదు. కొత్త తారు వేసినప్పుడు పాత గీతలు ఎలాగూ పోతాయి, కొత్తవి ఎలాగూ గీయాలి. వరసల వెడల్పు తగ్గించి సైకిళ్ళకు చోటివ్వాలన్నా, క్రాసింగును ముందుకు జరపాలన్నా ఆ వారంలో అయ్యే అదనపు ఖర్చు దాదాపు ఉండదు. అదే మార్పును మరుసటి ఏడు అడిగితే వేరే పని, వేరే బడ్జెట్.

ఇక తీర్మానం రాసే తీరు. 'బడి దగ్గర రోడ్డును సురక్షితంగా మార్చాలి' అని రాస్తే దానికి ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చేయరు. 'బడి గేటు ముందు క్రాసింగ్ దూరం 14 మీటర్లు ఉంది. రెండు వైపులా ఫుట్‌పాత్‌ను 2 మీటర్ల చొప్పున ముందుకు తెచ్చి 10 మీటర్లకు తగ్గించాలి. ఈ రోడ్డుకు తారు వేసే పనిలోనే దీన్ని చేర్చాలి' అని రాయండి. చోటు, కొలత, కోరిక, ఏ పనిలో చేర్చాలి అన్న నాలుగూ ఉంటే ఇంజనీరు దాన్ని ఎస్టిమేటులో ఎక్కించగలడు.

కమిటీ నియమావళిలో ఒక్క నిబంధన ఉందో లేదో చూడండి: రాతపూర్వక సిఫారసుకు ఫలానా గడువులోగా రాతపూర్వక జవాబు రావాలి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. లేకపోతే మీ మొదటి పోరాటం దాని కోసమే చేయండి. ప్రతి సిఫారసుకూ ఒక నంబరు వేసి, పంపిన తేదీ, వచ్చిన జవాబు, ఇప్పుడెక్కడుంది అన్న గళ్ళతో ఒక పట్టిక పెట్టి, ప్రతి సమావేశంలో మొదటి అంశంగా దాన్ని చదవండి. కారణం కాగితం మీద పెట్టాల్సి వచ్చినప్పుడు 'కుదరదు' అన్నది తరచు 'ఇలాగైతే కుదురుతుంది'గా మారుతుంది.

ప్రశ్న: మా కమిటీకి వచ్చే అర్జీల్లో ఎక్కువ భాగం ఒక్కటే: 'మా వీధికి స్పీడ్ బ్రేకర్ కావాలి.' అందరికీ ఇచ్చుకుంటూ పోవాలా? ఎవరికి కాదనాలి?

జవాబు: ముందు వేగం కొలవండి. వీధి వాళ్ళకు 'దూసుకుపోతున్నట్టు' అనిపించేది ఒక్కోసారి పాడైన సైలెన్సర్ మోత మాత్రమే. రోడ్డు పక్కన 100 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి, ఫోన్‌లో వీడియో తీసి, వాహనం రెండు గుర్తుల మధ్య ఎన్ని సెకన్లు తీసుకుందో చూడండి. 360ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్లలో వేగం వస్తుంది. 9 సెకన్లయితే 40, 6 సెకన్లయితే 60. చేతి స్టాప్‌వాచ్ కూడా చాలు గానీ 50 మీటర్ల దూరంతో వద్దు. అంత తక్కువ దూరంలో బొటనవేలు పావు సెకను ఆలస్యమైనా లెక్క బాగా తప్పుతుంది.

ముందు వాహనం వెనక ఇరుక్కుని వచ్చేవి వదిలేయండి. ముందు ఖాళీ ఉండి, తన ఇష్టం వచ్చిన వేగంతో వచ్చేవి 100 తీసుకోండి. వాటిని వేగం ప్రకారం తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి 85వది చూడండి. ఇంజనీర్లు మాట్లాడేది ఈ 85వ శాతం వేగం గురించే. సగటు చెబితే వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం సబబే. కొలిచేవాళ్ళు మెరిసే జాకెట్లు వేసుకుని రోడ్డు అంచున నిలబడితే అందరూ బ్రేకు వేస్తారు, ఆ రోజు కొలత వృథా.

వేగం ఎందుకింత ముఖ్యమో ఒక్క లెక్కతో తెలుస్తుంది. డ్రైవరుకు పరిస్థితి అర్థమై కాలు బ్రేకు మీదకు చేరడానికి సెకనున్నర అనుకుందాం. పొడి రోడ్డు మీద 30 వేగంలో ఉన్న కారు సుమారు 18 మీటర్లలో ఆగిపోతుంది. 50 వేగంలో ఉన్న కారు ఆ సెకనున్నరలోనే దాదాపు 21 మీటర్లు వెళ్ళిపోతుంది. అంటే 18 మీటర్ల దూరంలో పిల్లవాడు అడ్డం వస్తే మొదటి కారు వాడి ముందు ఆగుతుంది. రెండో కారు బ్రేకు పడక ముందే, పూర్తి 50 వేగంతో వాణ్ణి తాకుతుంది. అర్జీదారులకూ, వేగ పరిమితి తగ్గిస్తే ప్రయాణం ఆలస్యమవుతుందని వాదించేవాళ్ళకూ ఈ లెక్క బోర్డు మీద వేసి చూపండి.

ఇప్పుడు ఎలాంటిది వేయాలి? అడుగు, రెండడుగుల వెడల్పున నిటారుగా పోసే గట్టు అన్నిటికన్నా చెడ్డది. నెమ్మదిగా వెళ్ళేవాడికి నడుం విరుగుతుంది. వేగంగా వెళ్ళేవాడికి టైర్లు, స్ప్రింగులే కుదుపును మింగేస్తాయి. అంబులెన్సులో పడుకున్న రోగికి అది నరకం. బ్రిటన్ రవాణా పరిశోధనశాలలో వాట్స్ అనే పరిశోధకుడు 1970లలో రూపొందించిన గుండ్రటి హంప్ ప్రయాణ దిశలో 3.7 మీటర్ల పొడవు, 75 నుంచి 100 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. 25, 30 వేగంలో సాఫీగా దాటవచ్చు, అంతకు మించితే లోపలివాళ్ళు లేస్తారు. బస్సు తిరిగే దారిలో పైభాగం కనీసం 6 మీటర్లు చదునుగా ఉండేది వేయాలి. 12 మీటర్ల బస్సు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం సుమారు అంతే ఉంటుంది కాబట్టి రెండు జతలూ పైన నిలుస్తాయి.

హంపుల మధ్య 100 మీటర్ల కన్నా ఎక్కువ దూరం వదిలితే మధ్యలో మళ్ళీ వేగం అందుకుంటారు. ఒక్కటే వేసి ఊరుకున్న చోట దాన్ని దాటగానే విసురుగా కాలు నొక్కుతారు, చప్పుడు పెరుగుతుంది, అదే వీధివాళ్ళు ఆర్నెల్లకు తీసేయమని వస్తారు. వాన నీరు పోవడానికి అంచున కొంత ఖాళీ వదలాలి. వదిలితే ద్విచక్ర వాహనాలు ఆ సందులోంచే దూరతాయి. ఇది తీరని పేచీ. కిందనుంచి చిన్న గొట్టం వేసి ఖాళీ మూసేయవచ్చు గానీ ఆ గొట్టం చెత్తతో పూడకుండా చూసేదెవరో ముందే తేల్చుకోండి.

మా అభిప్రాయం అడిగితే, మలుపుల దగ్గర మొదలుపెట్టండి. వీధి మూలన ఫుట్‌పాత్ అంచు వంపు వ్యాసార్ధం 10 మీటర్లుంటే కారు వేగం తగ్గించకుండానే తిరిగేస్తుంది. దాన్ని 4, 5 మీటర్లకు బిగిస్తే తగ్గక తప్పదు, పైగా నడిచేవాళ్ళు దాటే దూరమూ తగ్గుతుంది. ఆ మూలన బస్సు గానీ లారీ గానీ తిరగాల్సి ఉంటే చక్రాల దారి గీసి చూపించమని అడగండి.

ప్రశ్న: పెద్ద జంక్షన్‌లో ముసలివాళ్ళు సగం దాటేసరికి ఎర్ర దీపం పడుతోంది. 'సమయం పెంచితే ట్రాఫిక్ స్తంభిస్తుంది' అంటున్నారు. నిజమేనా?

జవాబు: సమయం ఎలా లెక్కగట్టారో అడగండి. రోడ్డు వెడల్పును నడక వేగంతో భాగిస్తారు. పాత పద్ధతిలో నడక వేగం సెకనుకు 1.2 మీటర్లు. అమెరికా జాతీయ ట్రాఫిక్ నిబంధనావళి 2009లో దీన్ని సుమారు 1.07కు తగ్గించింది. వృద్ధులు ఎక్కువగా దాటేచోట 0.9 తీసుకోవడం న్యాయం. 14 మీటర్ల రోడ్డు దాటడానికి 1.2తో 12 సెకన్లు వస్తుంది, 0.9తో 16 సెకన్లు. అంచు మీద నిలబడ్డ గుంపు చూసుకుని అడుగు వేయడానికి ముందు మరో 7 సెకన్లు కావాలి. మొత్తం 23. మీ జంక్షన్‌లో ఎంతిస్తున్నారో కొలిచి ఈ అంకె పక్కన పెట్టండి.

ట్రాఫిక్ స్తంభిస్తుందన్న వాదన వెనక 'సిగ్నల్ చక్రం ఎంత పొడవైతే అంత ఎక్కువ వాహనాలు దాటుతాయి' అన్న నమ్మకం ఉంది. కొంతవరకే నిజం. ఒక వైపు ఆపి మరో వైపు వదిలే ప్రతిసారీ సుమారు 4 సెకన్లు ఎవరికీ పనికిరాకుండా పోతాయి. నాలుగు వైపులనూ వంతులవారీగా వదిలే జంక్షన్‌లో చక్రానికి 16 సెకన్లు. 60 సెకన్ల చక్రంలో అది 27 శాతం, 120లో 13 శాతం, 180లో 9 శాతం. 60 నుంచి 120కి వెళ్తే లాభం కనిపిస్తుంది. 120 నుంచి 180కి వెళ్తే మిగిలేది 4 శాతం చిల్లర. దాని కోసం నడిచేవాళ్ళను మరో నిమిషం ఎండలో నిలబెడుతున్నారు, వాళ్ళు విసిగి ఎర్ర దీపంలోనే దాటుతున్నారు.

చక్రం ఎంతుండాలో చూసుకోవడానికి బ్రిటన్‌లో వెబ్‌స్టర్ అనే పరిశోధకుడు 1958లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ పాఠ్యాంశమే. వృథా అయ్యే సెకన్లను ఒకటిన్నరతో గుణించి 5 కలపాలి. దాన్ని జంక్షన్‌లో ఇంకా మిగిలిన సామర్థ్యపు వాటాతో భాగించాలి. 16 సెకన్లు వృథా, రద్దీ 70 శాతం అనుకుంటే 29ని 0.3తో భాగించాలి. 97 సెకన్లు వస్తుంది. మీ జంక్షన్ 180 మీద నడుస్తుంటే ఈ లెక్క చూపించి కారణం అడగండి. రద్దీ 80 శాతమని వాళ్ళు చూపిస్తే జవాబు 145 అవుతుంది, అప్పుడు వాళ్ళ మాటలోనూ బలముంది. ఆ పరిస్థితిలో అడగాల్సింది డివైడర్ దగ్గర నిలబడడానికి చోటు. కనీసం 2 మీటర్ల లోతు ఉంటేనే పిల్లల బండితోనో చక్రాల కుర్చీతోనో క్షేమంగా ఆగవచ్చు.

ప్రశ్న: పాదచారుల వంతెన కట్టాక కూడా జనం కిందినుంచే దాటుతున్నారు. కంచె వేయించమని సిఫారసు చేయవచ్చా?

జవాబు: వంతెన కింద లారీలు వెళ్ళాలి కాబట్టి పైకి 6 మీటర్లు ఎక్కాలి. మెట్టు 15 సెంటీమీటర్లనుకుంటే ఎక్కడానికి 40 మెట్లు, దిగడానికి 40. కింద 14 మీటర్ల దూరం. సామాన్లు మోసుకెళ్ళేవాళ్ళు ఏది ఎంచుకుంటారో చెప్పాలా? కంచె వేస్తే దాన్ని కోస్తారు, లేదా దూకుతారు. నేల మీద సిగ్నల్‌తో క్రాసింగ్ అడగండి.

ప్రశ్న: అధికారుల లెక్కల మీద నమ్మకం లేదు. మేమే వాహనాలు లెక్కపెట్టాలనుకుంటున్నాం. ఎంతమంది కావాలి, ఎలా చేయాలి?

జవాబు: నాలుగు రోడ్ల జంక్షన్‌లో ప్రతి రోడ్డు నుంచి వాహనం మూడు దారుల్లో పోవచ్చు. మొత్తం 12 కదలికలు. రద్దీలో ఒక మనిషి రెండు కదలికలకు మించి నమ్మకంగా లెక్కపెట్టలేడు. అంటే ఆరుగురు, నడిచేవాళ్ళను లెక్కించడానికి ఇద్దరు, రెండు గంటలకోసారి విశ్రాంతినివ్వడానికి ఇద్దరు. వారం మధ్యలో మామూలు పనిరోజు ఎంచుకోండి. పండగ, పరీక్షలు, భారీ వాన ఉన్న రోజు వద్దు.

ప్రతి 15 నిమిషాలకూ కొత్త గడిలో రాయాలి. గంటకు ఒకే అంకె రాసుకుంటే అసలు విషయం పోతుంది. ఉదాహరణకు నాలుగు పావుగంటల్లో 210, 260, 340, 250 వాహనాలు వచ్చాయనుకోండి. గంటకు 1060. కానీ మూడో పావుగంట ధాటి గంటంతా ఉంటే 1360 అయ్యేది. 1060ని 1360తో భాగిస్తే 0.78. ఈ అంకె 1కి దగ్గరగా ఉంటే రద్దీ గంటంతా ఒకేలా ఉన్నట్టు. ఇలా తగ్గితే రద్దీ ఆ ఒక్క పావుగంటదే. బడి వదిలే సమయమో ఫ్యాక్టరీ షిఫ్టో కారణం కావచ్చు. దానికి రోడ్డు వెడల్పు చేయడం కన్నా ఆ వదిలే వేళను పది నిమిషాలు జరిపించడం చవక.

వాహనాలతో పాటు మనుషులనూ లెక్కపెట్టండి. బస్సులో ఎంతమంది ఉన్నారన్నది 'ఖాళీ, సగం, సీట్లు నిండాయి, నిలబడ్డారు' అని నాలుగు గుర్తులతో రాసుకుంటే చాలు. వాహనాల లెక్కలో బస్సు ఒకటే, మనుషుల లెక్కలో అది నలభైమంది. ఆ రోడ్డు ఎవరిదన్న వాదన అక్కడే మారిపోతుంది.

ఇలాంటి లెక్కల్లో దొరకనిది ఒకటుంది. భయపడి అసలు దాటనివాళ్ళు ఏ పట్టికలోనూ ఉండరు. 'ఇక్కడ దాటేవాళ్ళే లేరు, క్రాసింగ్ ఎందుకు' అన్నప్పుడు, 200 మీటర్ల అవతలకు నడిచి దాటి వెనక్కి వస్తున్నవాళ్ళను లెక్కపెట్టి చూపించండి.

ప్రశ్న: చక్రాల కుర్చీ ర్యాంపులు వేశామని చెబుతున్నారు. మా సభ్యురాలు వాటిని ఉపయోగించలేకపోతున్నారు. లోపం ఎక్కడ?

జవాబు: టేపు తీసుకెళ్ళండి. ఫుట్‌పాత్ అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లయితే, 1:12 వాలు ప్రకారం ర్యాంపు పొడవు 1.8 మీటర్లు ఉండాలి. పైకి ఎక్కాక కుర్చీ తిరగడానికి ఇంకో 1.2 మీటర్ల చదును కావాలి. మొత్తం 3 మీటర్లు. మీ ఫుట్‌పాత్ వెడల్పు మీటరున్నర ఉంటే అందులో సరైన ర్యాంపు పట్టదు. కాంట్రాక్టర్ దాన్ని నిటారుగా కుదించి పట్టించాడన్నమాట. అలాంటి చోట ఫుట్‌పాత్‌నే మూల దగ్గర పొడవునా వాలుగా దించాలి. లేదా క్రాసింగునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపాలి. రెండోదానితో కార్ల వేగమూ తగ్గుతుంది కాబట్టి మా ఓటు దానికే.

కింది అంచు కూడా చూడండి. రోడ్డు కలిసేచోట 6 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ గట్టు ఉంటే ముందు చిన్న చక్రాలు తట్టుకుంటాయి. కొత్త తారు పొర 40 మిల్లీమీటర్లు పడ్డాక ర్యాంపు అడుగు గుంటగా మారి నీళ్ళు నిలుస్తాయి. వేసిన రోజు బాగున్న ర్యాంపు ఏడాదికి పాడవడానికి తరచు ఇదే కారణం. ద్విచక్ర వాహనాలు ఎక్కకుండా పెట్టే స్తంభాల మధ్య 90 సెంటీమీటర్లు వదలాలి. అంత సందులో మోటారు సైకిల్ కూడా పడుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోండి, పడుతుంది. స్తంభాలు ఆపగలిగేది కార్లనే, మిగతాది జరిమానా పని.

ప్రశ్న: బస్ స్టాపులు కొన్ని తీసేసి బస్సును వేగంగా నడుపుతామంటున్నారు. వ్యతిరేకించాలా?

జవాబు: లెక్క అడిగాక నిర్ణయించుకోండి. 10 కిలోమీటర్ల రూట్లో స్టాపుల మధ్య 250 మీటర్లుంటే ఒక వైపు 40 స్టాపులు. 400 మీటర్లకు మార్చితే 25. రానూపోనూ 30 తగ్గాయి. ఆగి, తలుపు తీసి, మళ్ళీ వేగం అందుకోవడానికి ఒక్కోచోట 20 సెకన్లనుకుంటే మొత్తం 10 నిమిషాలు మిగులుతాయి. నడిచేవాళ్ళకు అదనంగా పడేది మహా అయితే 75 మీటర్లు.

ఇప్పుడు ఆ 10 నిమిషాలు ఏమవుతాయన్నది అసలు ప్రశ్న. రానూపోనూ ప్రయాణం 80, విరామం 10, మొత్తం 90 నిమిషాలు, పావుగంటకో బస్సు ఉంటే 6 బస్సులు కావాలి. 80కి దిగితే 5.33 వస్తుంది. మూడో వంతు బస్సు ఎక్కడా ఉండదు కాబట్టి 6 బస్సులే ఉంటాయి. కాకపోతే 13 నిమిషాలకు కొంచెం మించి ఒకటి నడపవచ్చు. 75కి దిగితే 5 సరిపోతాయి. అప్పుడు ఆరో బస్సును తీసుకెళ్ళిపోతారా, అదే రూట్లో ఉంచి పన్నెండున్నర నిమిషాలకొకటి నడుపుతారా? స్టాపుల తొలగింపుకు మీరు ఒప్పుకునే ముందు ఈ మాట రాతలో తీసుకోండి. ఆసుపత్రి, వృద్ధాశ్రమం, అంధుల పాఠశాల ముందున్న స్టాపుల్ని దూరం లెక్కతో తీసేయనివ్వకండి.

మిగిలే స్టాపు జంక్షన్ దాటాక ఉండటం మేలు. దిగినవాళ్ళు బస్సు వెనకనుంచి దాటుతారు, మలుపు తిరిగే కార్లకు బస్సు అడ్డం కాదు. ఒకేసారి రెండు బస్సులొచ్చే చోట మాత్రం దాటాక కనీసం 30 మీటర్లు ఖాళీ కావాలి, లేకపోతే రెండో బస్సు తోక జంక్షన్‌లో ఇరుక్కుంటుంది. బస్సు కోసం రోడ్డు పక్కన గూడులా లోపలికి తవ్వడం బస్సుకు చేసే మేలు కాదు. మళ్ళీ బయటకు రావడానికి ఎవరూ దారివ్వరు.

ప్రశ్న: ఫుట్‌పాత్ వెడల్పు కోసం పార్కింగ్ తీసేస్తే వ్యాపారం దెబ్బతింటుందని దుకాణదారులు అడ్డుపడుతున్నారు.

జవాబు: వాళ్ళను తప్పుపట్టకుండా కొలవండి. కారుకు 6 మీటర్ల చొప్పున 100 మీటర్ల అంచులో 16 పడతాయి. ఒక రోజంతా అరగంటకోసారి నడుస్తూ నంబరు ప్లేటులో చివరి నాలుగంకెలు గడుల్లో రాయండి. ఏ కారు ఎంతసేపుందో సాయంత్రానికి తెలిసిపోతుంది. పదహారులో పది కార్లు 8 గంటలూ కదల్లేదనుకుందాం. ఆ పది చోట్లు పదిమందికే పనికొచ్చాయి. మిగతా ఆరు చోట్లు గంటకొకరు చొప్పున 48 మందికి పనికొచ్చాయి. ఆ పది కార్లూ ఎవరివో కనుక్కోండి. దుకాణాల సిబ్బందివీ, యజమానులవీ అయితే సమావేశం ధోరణే మారుతుంది.

పార్కింగ్ మీద జీవితకాలం పనిచేసిన డొనాల్డ్ షూప్ చెప్పిన గురి 85 శాతం. అంటే ఏడు చోట్లలో ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉండేలా ధర గానీ సమయ పరిమితి గానీ పెట్టాలి. అలా చేస్తే సగం చోట్లు తీసేసినా కొనుగోలుదారులకు చోటు దొరకవచ్చు. సామాన్ల బండికి మాత్రం సమయం కేటాయించి అంచున చోటివ్వండి. దాన్ని మరిచిన పథకాల్లో లారీ కొత్త ఫుట్‌పాత్ మీదే ఆగుతుంది, పలకలు పగులుతాయి.

ప్రశ్న: రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తగ్గదని మా కమిటీలో ఒకాయన వాదన. వింతగా ఉంది.

జవాబు: వింతేమీ లేదు. రద్దీ వేళ వేగంగా సాగే రోడ్డు, వేరే వేళల్లో, వేరే దారుల్లో, బస్సుల్లో వెళ్ళేవాళ్ళను తనవైపు లాగుతుంది. అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే ఇది రాశారు. అమెరికా నగరాల మీద డ్యురాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనంలో అంతర్రాష్ట్ర రహదారుల వరసల మొత్తం పొడవు ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగిన దూరమూ దాదాపు అంతే శాతం పెరిగిందని తేలింది. తిరగేసి చూస్తే సియోల్‌లో చంగ్యేచన్ వాగు మీది ఎత్తయిన రోడ్డును 2003లో కూల్చడం మొదలుపెట్టి 2005లో వాగును తెరిచారు. నగరం ఆగిపోలేదు. మధ్యలో 2004లో బస్సు వ్యవస్థను సమూలంగా సంస్కరించారన్నది కూడా చెప్పండి. ఆ ముక్క వదిలేసి కూల్చివేతనే పొగిడితే ప్రత్యర్థులు పట్టుకుంటారు.

ప్రశ్న: మా సమావేశాల్లో ఇద్దరే మాట్లాడతారు. మూడు గంటలైనా తేలదు.

జవాబు: అందరికీ ఒక విడత అయ్యేవరకు ఎవరికీ రెండో విడత లేదన్న నియమం చాలు. ఎజెండా, డ్రాయింగు వారం ముందే పంపాలి. ముఖ్యమైన అంశమైతే సమావేశానికి ముందు అందరూ ఆ చోట నడవాలి, వీలైతే రద్దీ వేళ ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. ఆ వీధిలో ఇల్లో దుకాణమో ఉన్న సభ్యుడు ఆ సంగతి చెప్పి ఓటింగుకు దూరంగా ఉండాలి. మినిట్స్‌లో ఎవరేమన్నారో కాదు, ఏం తేలింది, ఎందరు అవునన్నారు, కాదన్నవాళ్ళ కారణం ఏమిటి అన్నవి రాయండి. కారు లేనివాళ్ళు, రాత్రి షిఫ్టు కార్మికులు, సరుకు రవాణా చేసేవాళ్ళు సభ్యుల్లో ఉన్నారో లేదో కూడా చూసుకోండి. సమావేశం మధ్యాహ్నం మూడింటికి పెడితే వాళ్ళెవరూ రారు.

ప్రశ్న: ఒక వీధిలో ఆర్నెల్లు ప్రయోగం చేద్దామని అధికారులు ఒప్పుకున్నారు. ఫలితాన్ని ఎలా తేల్చాలి?

జవాబు: 'ముందు' కొలత లేకుండా మొదలుపెట్టనివ్వకండి. వేగం, మనుషుల లెక్క, బస్సు పట్టే సమయం, పక్క వీధుల్లో వాహనాల సంఖ్య అన్నవి నాలుగూ ప్రయోగానికి ముందు ఒకసారి, రెండో నెలలో ఒకసారి, అయిదో నెలలో ఒకసారి కొలవాలి. మొదటి మూడు వారాల అంకెలు లెక్కలోకి తీసుకోవద్దు. జనం ఇంకా అలవాటు పడి ఉండరు, ఫిర్యాదులు కూడా అప్పుడే ఎక్కువ.

ప్రమాదాల సంఖ్యతో జాగ్రత్త. మామూలుగా ఏడాదికి రెండు ప్రమాదాలు జరిగే చోట ఒక ఏడు ఆరు జరిగితే అందరూ అక్కడికి పరుగెత్తుతారు. ఏమీ చేయకపోయినా మరుసటి ఏడు అది రెండుకో మూడుకో దిగే అవకాశమే ఎక్కువ. ఆ తగ్గుదలను మీ పథకం ఖాతాలో వేసుకుంటే తెలిసినవాళ్ళు నవ్వుతారు. ప్రమాదాలకు కనీసం మూడేళ్ళ ముందు లెక్కా, మూడేళ్ళ తర్వాతి లెక్కా కావాలి. ఆర్నెల్ల ప్రయోగానికి వేగం, తృటిలో తప్పినవాటి లెక్క సరిపోతాయి.

స్టాక్‌హోమ్ 2006 జనవరి నుంచి జులై వరకు నగర మధ్యానికి వచ్చే వాహనాల మీద రుసుము పెట్టి చూసింది. సరిహద్దు దాటే వాహనాలు సుమారు అయిదో వంతు తగ్గాయి. ప్రయోగం ఆపేశాక అదే ఏడు సెప్టెంబరులో ప్రజాభిప్రాయం అడిగితే నగరవాసులు అవునన్నారు, 2007లో శాశ్వతం చేశారు. మొదలుపెట్టే ముందు అడిగి ఉంటే జవాబు వేరేగా వచ్చేదని అప్పటి సర్వేలు చెబుతాయి. అందుకే ఓటింగును ప్రయోగం చివరకు పెట్టించండి.

ఒక చిన్న పని మిగిలింది. ప్రయోగాల్లో వాడే ప్లాస్టిక్ స్తంభాలు మొదటి నెలలోనే కొన్ని విరుగుతాయి, రంగు గీతలు చెరిగిపోతాయి. అవి అలా పడి ఉంటే కొలతలూ చెడతాయి, జనం కూడా ప్రయోగం విఫలమైందనే అనుకుంటారు. ఆర్డరు పెట్టేటప్పుడే పదో వంతు స్తంభాలు అదనంగా తెప్పించమనండి. విరిగినదాన్ని ఎన్ని రోజుల్లో, ఎవరు మళ్ళీ బిగించాలో ఒప్పందంలో రాయించండి.